తన్వి గదికి ఒక బీరువా

పై ఫ్లాట్‌లో వడ్రంగి పని మొదలైంది. పొద్దున్న కిటికీ తెరవగానే కోసిన ప్లైవుడ్ వాసన, దాని వెనకాలే ముక్కులో గుచ్చుకునే బంక వాసన వంటింట్లోకి వచ్చేశాయి. కొత్తగా దిగిన జంట గోడ నిండా బీరువాలు చేయించుకుంటున్నారట. చేయించుకోనీ. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉన్న భూలక్ష్మి టీచర్‌కు మాత్రం రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, ఒక నోరు తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఆ వాసన పీలుస్తూ నిలబడితే పాలు పొంగిపోయాయి. ఆవిడ ఉండగానూ నా పాలు అలాగే పొంగేవి, ఎందుకంటే మేమిద్దరం మెట్ల మీద నిలబడి వాదించుకుంటూ ఉండేవాళ్లం.

మగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి సూరత్ చేరిన కుటుంబాల పిల్లలకు తెలుగు నేర్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి ఆవిడ. నేనూ అలాంటి ఇంటి పిల్లనే. మా నాన్న సలాబత్‌పురాలో మగ్గం నడిపాడు. నేను గుజరాతీలో చదివి, కాలేజీ దాటి, ఇన్సూరెన్స్ ఆఫీసులో కుదురుకుని, అమ్రోలిలో ఫ్లాటు కొనుక్కున్నాను. పెళ్లి చేసుకోలేదు. నా నోటికి భయపడి ఎవరూ రాలేదని చుట్టాలంటారు. వచ్చినవాళ్లు నాకే నచ్చలేదని నేనంటాను.

ఆవిడతో అసలు పరిచయం మొదటి లాక్‌డౌన్ సడలాక అయింది. ఊళ్లకు వెళ్లి తిరిగొచ్చిన మగ్గాల పనివాళ్లను బిల్డింగ్‌లోకి రానివ్వకూడదని మా కమిటీ ఛైర్మన్ మెట్ల కింద మీటింగ్ పెట్టాడు. నేను లేచాను. అద్దె కట్టేవాడికి తన ఇంటికి రావడానికి మీ అనుమతి ఎందుకని మొదలుపెట్టి, ఆయన దారికి అడ్డంగా పెట్టే స్కూటర్ దాకా అన్నీ కడిగేశాను. పనివాళ్లు లోపలికొచ్చారు. అందరూ వెళ్లాక మాస్కు ముక్కు కిందకు దించుకుని భూలక్ష్మి టీచర్ నా దగ్గరికి వచ్చారు.

"గొంతుకు ఫుల్ మార్కులు. విషయం రెండు ముక్కల్ల అయిపోతుండె. ఆయన స్కూటర్‌కు, కరోనాకు ఏం సంబంధమే?"

"ముందు మీ మాస్కు పైకి లాగండి టీచర్. ముక్కు మీ సొంతమే గానీ, గాలి అందరిది."

ఆవిడ మాస్కు లాగలేదు. కానీ మర్నాడు గిన్నెలో పచ్చిపులుసు పంపించారు. నేను గిన్నె తిరిగిస్తూ ఉప్పు తక్కువైందన్నాను. అలా కుదిరింది మాకు.

కరోనా రెండో ఏడు ఎండాకాలంలో మా చెల్లెలు సుజాత పోయింది. బార్డోలీలో వాళ్ల ఇంట్లో వెనక గదిలో తలుపు వేసుకుని కొన్నాళ్లుంది. ఊపిరి అందక ఒక తెల్లవారుజామున ఆస్పత్రికి తీసుకుపోయారు. నాలుగేళ్ల కూతురు తన్వి అప్పుడు నిద్రలో ఉంది. సుజాత మళ్లీ ఇంటికి రాలేదు, శవమైనా రాలేదు. మరిదిది చక్కెర మిల్లులో షిఫ్టుల ఉద్యోగం. తన్విని నా దగ్గర వదిలి, ఆదివారాలు వచ్చి చూసిపోయేవాడు. "అమ్మ ఊరికి పోయింది" అని పిల్లకు చెప్పాడు. పెద్దలందరూ అదే మంచిదన్నారు.

తన్వి ఏడ్చేది కాదు. పెట్టింది తినేది. ఇంట్లో ఒక్క తలుపును మాత్రం మూసి ఉండనిచ్చేది కాదు. దాని బట్టలు ఇంకా తెచ్చిన సూట్‌కేసులోనే గోడవారన ఉన్నాయి. చిన్న గది ఖాళీ చేసి, రంగు వేయించి, అందులో దానికంటూ ఒక బీరువా పెడితే ఇది తన ఇల్లని కుదురుకుంటుందనుకున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో అందరి బట్టలూ ఒకే దండెం మీద ఉండేవి. సొంత బీరువా ఉంటే చాలు, పిల్లకు సగం దిగులు పోతుందని నా నమ్మకం.

వానలు పడుతుండగా షాపులు తెరిచారు. వద్దన్నా టీచర్ కూడా ఆటో ఎక్కారు. "బెన్, ఆ జువో, బాళకో మాటే స్పెషల్!" అని షాపువాడు, ఇవి పిల్లలకని ప్రత్యేకంగా చేసినవంటూ, పిల్లల బీరువాలన్నీ వరసగా చూపించాడు. నాకు గులాబీ రంగుది, నిలువుటద్దం ఉన్నది నచ్చింది.

"అద్దం పిల్లకా, నీకా?" అన్నారు టీచర్. ఆపైన వాడి వైపు తిరిగి, పిల్ల అరలు పట్టుకుని ఎక్కితే మీద పడుతుందా, గోడకు బిగించి ఇస్తారా అని హిందీలో నిలదీశారు. మేమిద్దరం అద్దం గురించి తగువులో ఉండగా తన్వి చెయ్యి వదిలించుకుంది.

మొదటి బీరువా దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో మెల్లగా తలుపు కొట్టింది. చెవి ఆనించి విన్నది. కాసేపాగి పక్కదాని దగ్గరికి పోయి దాన్నీ కొట్టింది. షాపువాడు నవ్వాడు. "తన్వీ, పాడవుతయి, ఇటు రా" అన్నాను. టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపి, పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నారు.

"లోపట ఎవరున్నరు బిడ్డా?"

"మమ్మీ. ఇంట్ల నేను టక్ టక్ అంటే మమ్మీ గూడ లోపల్నుంచి టక్ టక్ అంటుండె. ఇప్పుడు అంటలేదు."

బీరువా కొనకుండానే వచ్చేశాం. తన్విని టీవీ ముందు కూర్చోబెట్టి మెట్ల మీదికి వచ్చాను. దారంతా ఆలోచించి పెట్టుకున్న ఉపాయం చెప్పాను.

"తలుపుల్లేనిది చేయిద్దాం టీచర్. ఉత్త అరలు. అప్పుడు ఈ బాధే ఉండదు."

"మంచిది. ఫ్రిజ్ తలుపు గూడ పీకేయి. బాత్రూంది పీకు, లిఫ్టుది పీకు. తాపీ నది దాటినంక ఇంకో సూరత్ ఉంది, దాని తలుపులు ఎవరు పీకాలె?"

"చిన్నపిల్ల. మెల్లగా అదే మరిచిపోతది."

"మరుస్తలేదే, వెతుకుతంది. ఛైర్మన్‌ను వదలవు, కూరగాయల బండాయన్ను వదలవు, నన్నయితే రోజూ ఉతుకుతవు. గంత నోరు పెట్టుకొని, పిల్ల కాడికొచ్చేసరికి మూగదానివైతివి. గా నోరు ఇంక దేనికి?"

"చెప్తే ఏడుస్తది టీచర్."

"ఏడ్వనీ. నీ ఒళ్లె ఏడుస్తది. ఇప్పుడైతే ఒక్కతే తలుపుల కాడ నిలబడ్తంది."

లోపలికి వెళ్లి మరిదికి ఫోన్ చేశాను. గట్టిగా పోట్లాడాల్సి వస్తుందనుకున్నాను. అతను మాత్రం, "నాకు నోరు రాదు వదినా. మీరే చెప్పండి" అన్నాడు.

ఆ సాయంత్రం పాలు తాగించి, నేల మీద దాని ఎదురుగా కూర్చున్నాను. గుమ్మం దగ్గర కుర్చీలో టీచర్.

"తన్వీ, అమ్మ ఊరికి పోలేదు బిడ్డా. అమ్మకు జబ్బు చేసింది. డాక్టర్లు మస్తు చూసిన్రు, తగ్గలే. అమ్మ చచ్చిపోయింది. ఇంక రాదు."

"నేను తలుపు కొడితే?"

"కొట్టినా రాదు. ఏ తలుపు ఎనుక లేదు."

అది నా మొహంలోకి చూసి అడిగింది. "నేను నిద్రపోయిననని పోయిందా?"

ఇంతమంది పెద్దవాళ్లం కూడబలుక్కుని ఏ బాధ నుంచి కాపాడామనుకున్నామో గానీ, ఈ ఒక్క ప్రశ్న మాలో ఎవరి ఊహకూ అందలేదు. "కాదు. నువ్వు మేలుకొని ఉన్నా పోవుడే. నీ తప్పు లేదు" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. అప్పుడు ఏడ్చింది, నా మెడ చుట్టూ చేతులు బిగించి. టీచర్ కుర్చీ దిగి మా పక్కన నేల మీద కూర్చున్నారు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని అబద్ధం చెప్పను. చాలారోజులు నన్ను కొట్టింది, పక్క తడిపింది, పళ్లెం విసిరేసింది. కానీ తలుపులు కొట్టడం మానేసింది. వానలు వెనకబట్టాక మళ్లీ అదే షాపుకు వెళ్లాం. ఈసారి మా ఇద్దరినీ నోరు మూసుకోమని తన్వే ముందు నడిచింది. అన్నీ తెరిచి చూసి, చివర్లో ఉన్న పొట్టి తెల్ల బీరువాలో దూరి తలుపు లాక్కుంది. షాపువాడు కంగారుపడ్డాడు. లోపలి నుంచి, టక్ టక్.

"ఏందే చూస్తవ్? పలుకు!" అని టీచర్ మోచేత్తో పొడిచారు.

వంగి తలుపు మీద కొట్టాను. లోపల కిలకిలమంది. తలుపు సందులోంచి మొహం పెట్టి, "పెద్దమ్మా, గిదే గావాలె" అంది. మా చెల్లెలు పోయాక దాని నవ్వు వినడం అదే మొదలు. నాకు కన్నీళ్లు ఆగలేదు. టీచర్ మాత్రం గోడకు బిగించే మేకుల సంగతి తేల్చుకునే దాకా షాపువాణ్ణి వదల్లేదు.

పోయిన చలికాలం ఆవిడ గుండె ఆగి పోయారు. ఆ పొద్దున పై ఫ్లాట్‌లో జనం మూగుతున్నారు. బడికి తయారవుతున్న తన్విని కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది.

"నువ్వు గూడ చచ్చిపోతవా పెద్దమ్మా?"

తెరిచి ఉన్న తలుపులోంచి ఇది విని, మెట్ల మీద వెళ్తున్న ఒకావిడ ఆగి, "ఛ, అట్లనద్దు, శుభం పలుకు" అంది. నేను ఆవిడ వైపు చూసిన చూపుకు గబగబా పైకి వెళ్లిపోయింది.

"పోత. ఎప్పుడన్నది నాకు తెల్వదు. ఇయ్యాల్టికైతే గా పని పెట్టుకోలే" అన్నాను. "దా, జడేస్త. పైకి పోయి టీచర్‌ను చూసొద్దాం."