ఆకు దూసిన క్విన్స్

కువైట్‌లో రుమైథియా అనే పేటలో, మా మామా (యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తాం) ఇంట్లో నాకు ఆరుబయట దొరికేది ఒక్క గంటే. పొద్దున్నే వెనక తోటకు నీళ్లు పెట్టే గంట. మిగతా రోజంతా వంటిల్లు, ఇస్త్రీ, మెట్లు తుడవడం. అందుకే ఆ చలికాలం ఆవిడ, "ఈసారీ క్విన్స్ పూయకపోతే తోట కంపెనీవాళ్లకిచ్చేస్తా, నువ్వు లోపలి పనే చూసుకో" అన్నప్పుడు ఉన్న ఆ ఒక్క గంటా పోతుందని భయపడ్డాను.

ఫ్లవరింగ్ క్విన్స్ చలిదేశపు ముళ్లపొద. చలి బాగా తగిలాక, వసంతం ఇంకా రాకముందే, ఆకుల్లేని కొమ్మల మీద పూస్తుందట. నర్సరీవాడి మాట నమ్మి మామా కొనితెచ్చి పెద్ద కుండీలో పెట్టింది. కువైట్ చలికి దాని ఆకైనా రాలలేదు. ఇక పువ్వు సంగతి చెప్పేదేముంది!

నేను గోదావరి వైపు మల్లెతోటల్లో పెరిగినదాన్ని. మల్లెకు నీళ్లు మాన్పించి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తాం. అప్పుడు విరగపూస్తుంది. దీనికీ అదే మందు అనుకున్నాను. నీళ్లు ఆపేశాను. ఉత్తరపు గాలి కొట్టే గోడవారకు కుండీ ఈడ్చాను. ముళ్లు గుచ్చుకుంటున్నా ఆకంతా దూశాను. సగం పొద కత్తిరించానో లేదో, మామా కేకలేస్తూ వచ్చి కత్తెర లాక్కుంది.

"చంపేశావ్! ఖలాస్!"

మర్నాడే పీకించడానికి కంపెనీ తోటమాలిని పిలిపించింది. జగిత్యాల మనిషి.

"అక్కా, గిది సచ్చినట్టే ఉన్నది. పీకెయ్యమన్నది మామా."

"బెరడు గీకి చూడు తమ్ముడూ. ఊరికే చెయ్యేసేవంటే మాత్రం ఊరుకోను!"

గోటితో గీకి నవ్వాడు. "పచ్చగనే ఉన్నదే! సరే, పండుగ సెలవులైనంక అస్త తియ్."

సెలవులు అయ్యేలోపే పూసింది. కత్తిరించని సగమంతా ఎర్రటి పువ్వులు, కొమ్మ కనపడకుండా. కత్తిరించిన సగం మాత్రం బోసిగా ఉంది. అది పాత కొమ్మకే పూస్తుందని అప్పుడు తెలిసింది.

"నువ్వు ఆపకపోతే ఒక్క పువ్వూ మిగిలేది కాదు మామా" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు చేసి, "మేమిద్దరం పూయించాం" అని చెప్పుకుంది. నాకు గర్వంతో ఒళ్లు పొంగిపోయింది.

చెప్పినట్టే తోటమాలి వచ్చాడు. మామా గేటు దగ్గరే ఆపేసింది.

"తోటకు మనిషుంది. యల్లా, నువ్వెళ్లు."

"నాకింక శాన ఇండ్లున్నయ్‌లే అక్కా" అని అతను నాకేసి చెయ్యూపి వెళ్లాడు.

ఆ రోజు మధ్యాహ్నపు అజాన్ వినిపించేదాకా తోటలోనే ఉన్నాను. నన్నెవరూ లోపలికి పిలవలేదు.