పందిరి కింద ముప్పై ఏడు రోజులు

పోయిన మంగళవారం మోకాలి నొప్పికని వెళితే, డాక్టరు నా కుడికాలి ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు. మోకాలికి ఏమీ లేదట, వయసేనట. ఆయన వేలు మాత్రం మోకాలు దాటి కిందికి దిగి, ఎముక మీద వెంట్రుకంత సన్నని గీత దగ్గర ఆగింది. ఇది ఎప్పుడు విరిగిందని అడిగాడు. 1946 ఏప్రిల్ ఇరవై ఒకటి, ఆదివారం, ఉదయం ఎనిమిదింబావుకు అని చెప్పాను. ఆయన నవ్వి, చాలా చక్కగా అతికింది, ఏ ఆసుపత్రిలో కట్టించుకున్నారని అడిగాడు. ఆసుపత్రి కాదు, అనకాపల్లిలో మా అమ్మమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి కింద అంటే నమ్మినట్టు కనిపించలేదు. ఇంటికి వచ్చి ఆ సంవత్సరపు దినచర్య పుస్తకం బయటికి తీశాను. మూడు పుటల్లో పసుపు మరకలున్నాయి. ఒక పుట వానకు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. తల్లీ తండ్రీ లేని నన్ను మేనమామ చదివించాడు. సర్వే శాఖలో ఉద్యోగం వచ్చింది. జూన్ ఇరవైన చేరాలి, చేరే ముందు వైద్యాధికారి ఎదుట నడిచి చూపించాలి. గొలుసు పట్టుకుని పొలాల వెంట రోజుకు ఏడెనిమిది మైళ్ళు తిరగవలసిన పని కనుక, కాలు ఈడ్చేవాడికి అందులో చోటు లేదు. ఆ రెండు నెలలూ వేసవి సుఖంగా గడుపుదామని అమ్మమ్మ ఇంటికి వచ్చి, వచ్చిన మూడో రోజునే, పందిరికి తాటాకులు కప్పుతూ నిచ్చెన మీంచి పడ్డాను. అప్పటికి పందిరి సగం పూర్తయింది. మిగిలిన సగం మావయ్య కప్పుతుంటే కింద పడుకుని చూశాను.

దేవరాపల్లి వైపు నుంచి ఎముకలు కట్టే తాతను పిలిపించారు. ఆయన నాలుగు వేళ్ళతో కాలంతా తడిమి, చెరుకు ధర ఎలా ఉందని నన్నడిగి, నేను జవాబు చెబుతుండగా ఒక్క లాగు లాగాడు. ఆ సంవత్సరం చెరుకు ధర ఎంతో ఇప్పటికీ నాకు తెలియదు. వెదురు బద్దలు, పాత చీర పేలికలు, మినప్పిండిలో కలిపిన కోడిగుడ్డు సొన, ఇదీ ఆయన సరంజామా. గుడ్డు మాట వినగానే, మంచినీళ్ళు తెస్తున్న అమ్మమ్మ గుమ్మం లోపలే నిలబడిపోయింది. మడి కట్టుకుని తన వంట తానే వండుకునే మనిషి ఆవిడ. ఆ ఇంట్లోకి అంతవరకూ గుడ్డు పెంకు కూడా వచ్చి ఎరగదు.

"కట్టు కట్టవయ్యా, కాదన్ను. ఆ కాలు మాత్రం గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు," అంది.

"కాలు రాకపోతే బాబెలా వత్తాడమ్మా?"

"బాబూ రాడు."

ఆ విధంగా నా నవారు మంచం పందిరి కిందికి చేరింది. పదిహేనేసి రోజులకు ఒకటి చొప్పున మూడు కట్లు. ఈలోగా కాలు నేలకు ఆనితే ఎముక జారుతుందని, అలా జారి అతికిన కాలును మళ్ళీ సరిచేయడం తన వల్ల కాదని తాత చెప్పి వెళ్ళాడు. మొత్తం గడువు అరవై రోజులు. అందులో నలభై ఐదు కట్టుకు పోగా, నడక నేర్చుకోవడానికి పదిహేను మిగులుతాయని లెక్క వేసుకున్నాను. మూడో కట్టు వేయవలసిన రోజు మంగళవారం పడింది. మంగళవారం కట్టు విప్పితే ఎముక ఒప్పదట. నా లెక్క అంతా చూపించి బతిమాలాను. "నీ లెక్క బాగుంది బాబూ. రేపొత్తాను," అన్నాడు. పదిహేను పద్నాలుగైంది.

మొదటి వారం నా దురదృష్టాన్ని గురించి నాలుగు పుటలు రాశాను. అవి ఇప్పుడు చదవడానికి బాగాలేవు. రెండో వారం నుంచి రాతలో వేసవి ప్రవేశించింది. పందిరి కింద ఉన్నవాడికి వేసవి వెతుక్కుంటూ వస్తుందని అంతకు ముందు నాకు తెలియదు. తెల్లవారగానే బెల్లం బళ్ళు సంతకు పోయేవి, అవి వీధి మలుపు తిరిగాక కూడా ఆ వాసన పావుగంట నిలిచేది. కశింకోట నుంచి ముంజలు తెచ్చే ఆయన కత్తితో తాటికాయ చెక్కి అలాగే నా చేతికిచ్చేవాడు. నేను బొటనవేలు గుచ్చి తాగేవాణ్ణి. పందిట్లో తిన్న ముంజలు రెండు వందల డెబ్బై. మధ్యాహ్నం అమ్మమ్మ వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లి, మంచానికి బారెడు దూరంలో నిలబడి, నా గ్లాసులోకి చుక్క తొణక్కుండా మజ్జిగ ఎత్తి పోసేది. ఆవకాయ కలిపిన రోజున మొదటి ముద్ద అడ్డాకులో నాకే వచ్చింది. ఉప్పు చూడ్డానికి ఇంటిల్లిపాదిలో నా నాలుకనే నమ్మేది ఆవిడ. లోపలికి రానివ్వని మనిషి మాట మీద ఏడాది ఊరగాయకు ఉప్పు పడింది.

పగలు పదకొండింటికి సముద్రం వైపు నుంచి చేపలావిడ మా వీధి గుండా అవతలి పేటకు వెళ్ళేది. మా వీధిలో ఆవిడకు బేరం లేదు. పందిరి రాట దగ్గర నీడలో గంప దించకుండానే ఒక నిమిషం నిలబడేది.

"ఏటి బాబూ, ఇయ్యాల కూడా లెగలేదేటి? ఒడ్డుకి లాగీసిన తెప్పనాగున్నావు."

"ఆ గంప నీడ కూడా ఇటు పడనివ్వకు," అని లోపలి నుంచి అమ్మమ్మ.

"నీడకి నీసుండదు, అమ్మగారూ," అని నవ్వుతూ సాగిపోయేది. ఇది రోజూ జరిగే సంభాషణే. ఒకరోజు ఆవిడ రాకపోతే, ఏమయిందోనని అమ్మమ్మ రెండుసార్లు వీధిలోకి చూసింది. అదీ రాసుకున్నాను.

మే ఇరవై ఏడు, సోమవారం, ముప్పై ఏడో రోజు. మావయ్య తాలూకా కచేరీకి వెళ్ళాడు, అత్తయ్య పుట్టింట్లో ఉంది. మూడింటికి గాలి ఆగిపోయింది. పడమట నల్లగా కమ్ముకుని, చూస్తుండగానే ఈదురుగాలి వీధిలోని దుమ్మంతా లేపింది. వెంట వడగళ్ళు. తాటాకులు ఒక్కొక్కటే లేచిపోసాగాయి. ముందు లేచినవి నేను ముడులు వేసిన వైపువే. ఆ తరవాత నా నెత్తి మీది దూలం ఫెళ్ళుమని సగానికి చీలి వేలాడింది. అది పడితే మంచం మీదే పడుతుంది. మోచేతుల మీద లేచి, కట్టు కట్టిన కాలు మంచం మీంచి దించబోయాను. తప్పించుకోవాలంటే నడవాలి, నడిస్తే ఉద్యోగం లేదు. ఆ క్షణంలో నాకు ఇంకో లెక్క తోచలేదు.

"కాలు దించకురా."

అమ్మమ్మ మడిచీరతోనే వానలోకి వచ్చి, నెలరోజులుగా తాకని నా భుజం పట్టుకుని వెనక్కి పడుకోబెట్టింది. మంచం తలవైపు ఎత్తబోయింది. చేత కాలేదు. అవతలి పేట నుంచి ఖాళీ గంప తల మీద బోర్లించుకుని పరుగెత్తి వస్తున్న చేపలావిడ కనిపించింది.

"ఆ గంప పడేసి ఇలా రావే. కాళ్ళవైపు పట్టు."

"వచ్చీసేనమ్మా. తవరు తలకాడ ఎత్తండి."

ఇద్దరూ మంచం ఎత్తారు. నాలుగు మెట్లూ ఎక్కారు. గుమ్మం దగ్గర చేపలావిడ ఆగిపోయింది.

"అమ్మగారూ, గడప."

"గడప సంగతి తరవాత. వాడి కాలికి దెబ్బ తగలకుండా చూడు. నడు."

మంచం హాల్లో, దేవుడి మందసానికి నాలుగు అడుగుల దూరంలో దిగింది. బయట దూలం పడిన చప్పుడు ముగ్గురమూ విన్నాం. చేపలావిడ జుట్టు పిండుకుంటూ నా కట్టు వైపు చూసి, "ఎక్కువ తడవలేదు బాబూ, బాగుంది," అంది. అమ్మమ్మ ఆవిడకు పొడి చీర ఇచ్చింది, అల్లం బెల్లం వేసి మరిగించిన నీళ్ళు ఇచ్చింది. ఆ తరవాత వానలోనే నూతి దగ్గర స్నానం చేసి వచ్చి, మళ్ళీ మడి కట్టుకుని, అదే హాలులో నాకు ఎదురుగా కూర్చుని జపం చేసుకుంది.

మర్నాడు మావయ్య, కొత్త తాటాకులు తెప్పించి పందిరి వేయిస్తానన్నాడు. "వానలొచ్చేస్తుంటే పందిరెందుకురా?" అంది అమ్మమ్మ. మళ్ళీ వాన పడటానికి ఆ తరవాత పదహారు రోజులు పట్టింది. అన్నాళ్ళూ నా మంచం హాల్లోనే ఉంది.

జూన్ ఆరున తాత కట్టు విప్పి, నూలుపోగుతో రెండు కాళ్ళూ మడమ వరకూ కొలిచాడు. పోగు రెండు పక్కలా ఒకే ముడి దగ్గర ఆగింది. ఇరవయ్యో తేదీన వైద్యాధికారి గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మళ్ళీ నడవమని ఆయన అడగలేదు.

ఆ దినచర్యలో ప్రతి పుటకూ పైన, కుడిమూల, కట్టు విప్పడానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో ఒక అంకె వేసి ఉంది. ముప్పై ఏడో రోజు పుటలో వాన ఆ అంకెను చెరిపేసింది. ఆ తరవాతి పుటల్లో నేనే వేయలేదు. అంకెలు మరిచిపోయే అలవాటు నాకు లేదు. ఇన్నేళ్ళకు ఆ పుటలు తిప్పుతుంటే, త్వరగా గడిచిపోవాలని కోరుకోకుండా నేను గడపనిచ్చిన మొదటి రోజులు అవేనని అనిపిస్తుంది.