ఊరికే ఏడవదు

ఏడుపు వినబడితే చాలు, ఆయన చేతిలో పని అక్కడే వదిలేసేవాడు. మనుషుల ఏడుపని కాదు. తలుపు కిర్రుమన్నా, లిఫ్టు మూలిగినా, కంప్యూటర్లో టెస్టు ఫెయిలైనా ఆయన లెక్కలో ఏడుపే. "ఊరికే ఏడవదు" అంటూ పక్కన చతికిలబడేవాడు. ఆఫీసంతా ఆయన్ని ఏడుపు డాక్టరు అనేది. జేబులో ఎప్పుడూ చిన్న నూనె సీసా ఉండేది.

పిల్లకోసం ఆరేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరిన కొత్తావిడకి మొదటిరోజే ఆయన దర్శనమైంది. కుర్చీ కిర్రుమంది. మరుక్షణం ఓ బట్టతల కుర్చీ కిందికి దూరింది. "నమస్కారమమ్మా, మీ పక్క సీటే నాది" అని అక్కణ్ణుంచే పరిచయం చేసుకున్నాడు.

వాళ్ళు తయారుచేసేది లైబ్రరీ. అంటే తేదీలూ వేళలూ లెక్కగట్టే రెడీమేడ్ కోడు. ఎందరో తమ ప్రోగ్రాముల్లో వాడుకుంటారు. అందులో ఏ మార్పు చేసినా నాలుగువందల టెస్టులు పాసవ్వాలి. పాసైతే తెరమీద పచ్చ, ఫెయిలైతే ఎరుపు. వాటిలో ఒకటుంది, ఒకరోజు పచ్చ, ఒకరోజు ఎరుపు. ఎరుపొస్తే అందరూ 'మళ్ళీ' బటన్ నొక్కేవారు. పచ్చ అయ్యేది. ఏళ్ళ తరబడి అదే కాపురం.

కొత్తావిడ రెండువేల లైన్ల చిక్కుముడిని ఆరువందలకి శుభ్రం చేసి సోమవారం పంపింది. ఖర్మ కాలి ఆ టెస్టు రెండుసార్లు వరసగా ఎర్రబడింది, అదీ మేనేజరు కళ్ళముందే.

"మీ కోడు రాకముందు బాగానే ఉండేదండీ" అన్నాడు మేనేజరు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! ఆ బటన్ అందరికంటే ఎక్కువ నొక్కింది ఆయనే. "గురువారానికి తేలకపోతే మీ మార్పు తీసేద్దాం. మీ ఉద్యోగం ఖాయం చేసే సంగతి శుక్రవారం చూద్దాం."

ఆమె మెట్లమీదికెళ్ళి కాసేపు కూర్చుని, మొహం కడుక్కుని వచ్చింది. "ఇంకొక్కసారి నొక్కి చూస్తా సార్" అంటూ మౌస్ అందుకోబోయింది.

డాక్టరు మౌస్ మీద చెయ్యి పెట్టాడు. "గదిమితే పిల్ల ఏడుపు ఆపుతుందమ్మా. నొప్పి పోతుందా? అదే ఏడుస్తోందో, ఎవరైనా ఏడిపిస్తున్నారో చూద్దాం."

సగం టెస్టుల్ని పక్కనపెట్టి మిగతా సగాన్ని పదేపదే నడిపారు. ఎరుపొచ్చిన గుంపులో మళ్ళీ సగం. మంగళవారం మధ్యలో లిఫ్టు మూలిగింది. ఆయన నూనె సీసాతో మాయం.

"లిఫ్టుకి ఉద్యోగం పోదు సార్" అంది ఆమె, వెంటపడి.

"అదీ నిజమే" అంటూ వెనక్కొచ్చాడు.

గురువారం మధ్యాహ్నానికి రెండే మిగిలాయి. విడివిడిగా రెండూ పచ్చే. కలిపి నడిపితే, వరస మారినప్పుడల్లా ఫలితం మారుతోంది. ఆ వరస ప్రతిసారీ చీట్లు తీసినట్టు మారిపోతుంటుంది మరి.

"దొరికింది సార్" అంది ఆమె. "ఒకటి ఓ ఫైలు రాసి చెరపకుండా పోతోంది. దాని తర్వాత రెండోది వస్తే ఎంగిలి కంచం ఎదురవుతోంది."

పని కాగానే ఫైలు చెరిపేలా ఒక్క లైను రాసింది. వెయ్యిసార్లు నడిపారు. వెయ్యిసార్లూ పచ్చ. గదిలో వాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు.

"ఆ కంచం కడగనిది ఎవరో?" అన్నాడు మేనేజరు.

ఏ లైను ఎవరు రాశారో చెప్పే పాత రికార్డు ఆమె తెరిచి, చటుక్కున మూసేయబోయింది. డాక్టరు తొంగిచూశాడు. "దాస్తావెందుకమ్మా. తొమ్మిదేళ్ళ కిందట నేను రాసిందే."

మేనేజరు పడీపడీ నవ్వాడు. "అందుకా, సోమవారమే నా గదికొచ్చి, 'తేలేదాకా తప్పు నా పేరున రాసుకోండి, ఆవిడ పేరున వద్దు' అన్నారు! ముందే తెలుసన్నమాట."

"తెలిస్తే మూడురోజులు ఈ తిప్పలెందుకండీ?" డాక్టరు నిజంగానే నొచ్చుకున్నాడు.

"మరి ఎందుకలా అన్నారు సార్?" అంది ఆమె.

ఆయన నూనె సీసా మూత బిగిస్తూ కూర్చున్నాడు. "సోమవారం ఏడ్చింది టెస్టొక్కటేనా అమ్మా? మెట్లమీంచి కూడా వినబడింది."

శుక్రవారం ఆమె ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రమే మేనేజరు పంపిన మార్పుకి ఇంకో టెస్టు ఎర్రబడింది. అలవాటుగా ఆయన వేలు 'మళ్ళీ' మీదికెళ్ళింది.

"ఆగండి సార్, ఊరికే ఏడవదు" అంటూ కొత్తావిడ తన కుర్చీ లాక్కుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది.