అచ్చులో లేని వేలు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నెత్తి మీద గంప అయితే దారిన పోయేవాళ్లను ఒక చెయ్యి వెయ్యమని దించుకోవచ్చు. ఇది అలా దిగేది కాదు. మా ఆయన పోయేదాకా ఆయనకు చెప్పలేదు. నాకు అక్షరాలు నేర్పిన టీచరమ్మకూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే. మీ జాలి మాత్రం నాకొద్దు. ఇదంతా విన్నాక కూడా నన్ను మంచిదానివేలే అనేవాళ్లుంటే, వాళ్ల తెలివి మీద నాకు అనుమానం.

మొన్న మా మచ్చ బొల్లారం దిక్కు లైబ్రరీకి పోయాను. 'కొత్తగా వచ్చిన హారర్ నవలలు' అని అట్టముక్క మీద రాసి, ఒక అర నిండా పేర్చారు. అన్నింటి మీదా ఒకటే బొమ్మ. జుట్టు విరబోసుకున్న ఆడది. ఇన్ని పుస్తకాలు రాసినవాళ్లలో ఒక్కరికైనా ఆ దయ్యానికి దువ్వెన ఇద్దామన్న బుద్ధి పుట్టలేదు. పేర్లు చూడబోతే నెత్తురు కారే అక్షరాలు. ఒక్కొక్క అక్షరం నేర్చుకోవడానికి నేను పడ్డ పాట్లు వాళ్లు పడి ఉంటే, వాటితో ఇట్లాంటి వేషాలు వేయించేవాళ్లు కాదు.

బల్ల దగ్గర కూర్చునే పిల్ల నన్ను చూడగానే నవ్వింది. "అవ్వా, గీ కొత్తది నీకోసమే పక్కకు పెట్టిన. మస్తు భయమైతదంట," అంది. ఆ పిల్ల లెక్కలో నేను దయ్యాల పిచ్చి ఉన్న ముసలిదాన్ని. తెచ్చుకుంటాను, చదువుతాను, ఇచ్చేస్తాను. భయమైందా అని అడుగుతుంది. తలనొప్పి వచ్చింది బిడ్డా అంటాను. అది నిజమే. కానీ నేను ఆ పుస్తకాల్లో వెతికేది దయ్యాన్ని కాదు. ఒక వేలును. సగం వేలును.

మొదటి నుంచి చెబుతాను.

నాకు అక్షరాలు వచ్చేసరికి తల సగం నెరిసింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకోసం చర్చి వెనక గదిలో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు చదువు చెప్పేది. నేను ప్రార్థనకు పోయేదాన్ని కాదు, అక్షరాలకోసం పోయేదాన్ని. గుణింతాల దాకా బాగానే నడిచాను. ఒత్తులు వచ్చేసరికి కాళ్లు తడబడ్డాయి. అయినా గర్వం మాత్రం పూర్తిగా వచ్చేసింది. చదువు కన్నా ముందే వచ్చిందది.

ఆ రోజుల్లోనే మా పక్కింటి యాదమ్మ తమ్ముడి పెళ్లి మేడ్చల్‌లో జరిగింది. మా ఇళ్ల వరసలోని ఆడవాళ్లమంతా సికింద్రాబాద్‌లో పెళ్లికూతురికి చీర కొని, అక్కడి నుంచే బస్సెక్కాలి. ఎవరినీ అడగొద్దు, బోర్డు నేను చదువుతాను అన్నాను. బస్సు వచ్చింది. 'మే' చదివాను. 'డ' కనిపించింది. ఇంకేం కావాలి? అందరినీ తోసి ఎక్కించాను. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ మా దాకా వచ్చేసరికి ఉప్పల్ దాటింది. అది మేడిపల్లి పోయే బస్సు. మళ్లీ వెనక్కి పడి మేడ్చల్ చేరేటప్పటికి తలంబ్రాలు అయిపోయి, వంటగిన్నెలు తోముతున్నారు.

అందరూ నన్ను తిట్టారు. బాలమణి ఒక్కతే తిట్టలేదు. నవ్వింది. తిట్టినవాళ్లను ఆ వారంలోనే మరిచిపోయాను. నవ్విన మనిషిని మరవలేదు.

బాలమణి మా వరస చివరి గదిలో కిరాయికి ఉండేది. పుట్టిల్లు శామీర్‌పేట దిక్కు. మొగుడు లేడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో పడి ఎడమ చేతి చిటికెన వేలు సగం పోయింది. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. నీళ్ల నల్లా దగ్గర నేను కనబడితే చాలు, "జరుగుండ్రి, జరుగుండ్రి, మేడిపల్లి పంతులమ్మ వస్తాంది," అనేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమె మనసులో విషం లేదని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ మండింది. విషం లేని నవ్వుకే ఎక్కువ మండుతుందేమో, నాలాంటి అల్పులకు.

ఇక పుస్తకాల సంగతి. నేను వంట చేసే ఇంటి అమ్మగారు గుంటూరు వైపు మనిషి. సారు బ్యాంకులో పని. ఆమెకు మధ్యాహ్నం అన్నం తిన్నాక తలుపు గడియ పెట్టుకొని దయ్యాల నవలలు చదవడం అలవాటు. పట్టపగలు, లైటు వేసుకొని మరీ భయపడేది. చేతిలో పనిలేనివాళ్లకు భయం కూడా ఒక పనే. "కొత్తవి ఏమైనా వచ్చాయేమో చూసి పట్రా. ప్రేమకథలొద్దు, భయపెట్టేవి కావాలి," అని నన్ను లైబ్రరీకి పంపేది. తెచ్చినవి గబగబా చదివి పక్కన పడేసేది. తిరిగి ఇచ్చే రోజు వరకూ అవి నా దగ్గర ఉండేవి.

మా ఇంటి ముందు రేకుల పందిరి కింద ఆడవాళ్లు చింతపండు గింజలు తీసేవాళ్లు. కిరాణా సేటు బస్తాలు దింపిపోయేవాడు. చేతులకు పని, చెవులకు పని లేదు. నేను నవల చదివి వినిపిస్తే నా వంతు కుప్ప కూడా వాళ్లే ఒలిచేవాళ్లు. అదీ ఒప్పందం. వాళ్లలో ఎవరికీ అక్షరం ముక్క రాదు. నల్లా దగ్గర నన్ను చూసి నవ్విన నోళ్లే పందిరి కింద నేను పేజీ తిప్పేదాకా మూసుకొని ఉండేవి. ఆ నిశ్శబ్దం నాకు ఎంత రుచిగా ఉండేదో ఏం చెప్పను!

ఒత్తులున్న మాట అడ్డం వస్తే దాన్ని మింగేసి, నాకు తోచిన మాట పెట్టేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. మాట పోయి వాక్యమైంది. వాక్యం పోయి ఒక్కోసారి పేజీ అయింది. మొదట రాక చేశాను. తర్వాత రుచి మరిగి చేశాను.

ఒకసారి తెచ్చిన నవలలో ఒక పాత బంగళా, అందులో చచ్చిపోయిన జమీందారు భార్య, ఆమె వచ్చే ముందు మల్లెపూల వాసన. అంతే. మల్లెపూలకు భయపడేవాళ్లు మా వరసలో ఎవరున్నారు? యాదమ్మ ఆవలించింది. బాలమణి ఆ రోజు పందిరి కింద లేదు, శామీర్‌పేటకు పోయింది. నేను పేజీ మీద చూపు పెట్టి, జమీందారు భార్యను తీసేశాను. ఆమె చోట బాణామతి చేసే ఒంటరి ఆడదాన్ని పెట్టాను. చేతబడిని మా దిక్కు బాణామతి అంటారు. ఆ మాట వింటేనే మావాళ్లకు నాలుక ఎండుతుంది. అక్కడితో ఆగలేదు. 'ఆమె ఎడమ చేతి చిటికెన వేలు సగం లేదు' అని చదివాను.

చింతపండులో చేతులు ఆగిపోయాయి.

"ఏందే, మల్లొక్కసారి సదువు," అంది యాదమ్మ.

మళ్లీ చదివాను. అదే మాట, అదే గొంతు.

"నిజంగ అచ్చుల ఉన్నదా?"

"నేనేమన్న నా కడుపులకెల్లి చెప్తున్ననా? అచ్చుల ఉన్నది."

నవ్వించడానికి అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మేడిపల్లి మాటకు బదులు మాట అని. అబద్ధం. నవ్వించాలనుకుంటే ఆ వేలును ఏ తిండిపోతు కథలోనో పెట్టేదాన్ని. బాణామతిలో ఎందుకు పెట్టాను? ఏం జరుగుతుందో తెలియకనా? నేను ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగినదాన్ని. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను.

ఆ వారమే యాదమ్మ మనవరాలికి జ్వరం పట్టుకుంది. తగ్గదు. ఇక చూడండి, మావాళ్ల తెలివి. ఎవరికో గడప దగ్గర నిమ్మకాయ కనిపించింది. ఎవరికో బాలమణి తనలో తాను గొణుక్కోవడం వినిపించింది. మనిషి ఒంటరిగా ఉంటే గొణుక్కోక ఎవరితో మాట్లాడుతుంది? నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు జరిగిపోయాయి. కిరాయి ఇంటాయన గది ఖాళీ చెయ్యమన్నాడు. కల్లు దుకాణం దగ్గర మగవాళ్లు, ఆమె పండ్లు ఊడగొడితే మంత్రం పలకదని మాట్లాడుకుంటుంటే నా చెవులతో విన్నాను. విని, ఇంటికొచ్చి, అన్నం తిన్నాను.

ఒక మధ్యాహ్నం అందరూ పోయాక బాలమణి వచ్చింది. పందిరి కింద కాదు, బయట ఎండలోనే మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, గా పుస్తకం నీ కాడ ఉన్నదా?"

"ఉన్నది."

"నా ముచ్చట ఏం రాసిండ్రో సదివి చెప్పరాదు. అందరు ఇన్నరు. నేనొక్కదాన్నే ఇనలే."

అక్కడ ఒక్క మాట సరిపోయేది. లేదే, నేనే కల్పించిన అంటే అయిపోయేది. తిట్టేది, మీద పడి కొట్టేదేమో, కొట్టాక నవ్వేది కూడా. నేను పుస్తకం తెరిచాను. ఆ అబద్ధాన్ని మొత్తం ఆమె ముఖం ముందే చదివాను. గొంతు వణకలేదు. వణికి ఉంటే ఈ రోజు కాస్తయినా నా ముఖం చూసుకోగలిగేదాన్ని.

"రాసేటాయిన మొఖమే నేను సూడలే. నా ఏలు సంగతి ఆయినకెట్ల ఎరుక?"

"రాసేటోళ్లకు అన్ని ఎరుకుంటయి."

"ఏడున్నది? సూపెట్టు."

ఒక మాట మీద వేలు పెట్టాను. ఆమె తన సగం వేలు తెచ్చి దాని కింద ఆనించింది. మెల్లగా నిమిరింది, పసిపిల్ల చెంప తడిమినట్టు. ఆ మాట 'మల్లెపూలు'.

"గింతేనా? గింత చిన్నగ రాసిండ్రా?"

నేను పుస్తకం మూశాను.

"అక్కా, నాకు తెల్వకుంట నేనేమన్న జేసిన్నా?"

"నాకేమెరుక. రాసింది సదివిన, అంతే."

లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. నవ్వబోయింది, పెదవులు సహకరించలేదు. "మేడిపల్లి బస్సు అసొంటిది కాదు గద అక్కా?" అంది.

ఎగతాళి కాదది. ఆమెకు మిగిలిన ఒక్క ఆశ. నేను తప్పు చదివానని చెప్పడానికి నాకు తలుపు తెరిచి పెట్టింది. నేనేమన్నానో తెలుసా?

"కాదు. ఇప్పుడు నాకు సదువు మంచిగనే వస్తది."

ఆ మాటకున్న గర్వం ఇప్పటికీ నా నోట్లో ఉంది, పాచిలాగా.

తర్వాత బాలమణి ఎక్కువ రోజులు ఉండలేదు. పట్టపగలే ఆటోలో మూటలు వేసుకొని పోయింది. ఒక్కరూ గడప దిగి చెయ్యి వెయ్యలేదు. నేను కిటికీలోంచి చూశాను. యాదమ్మ మనవరాలి జ్వరం టైఫాయిడ్ అని అల్వాల్‌లో డాక్టరు మందులిచ్చాడు, తగ్గింది. మావాళ్లు మాత్రం ఆమె పోయింది కాబట్టి తగ్గిందన్నారు. మందులు మింగించిన యాదమ్మే ఆ మాట అంది. నేను అక్కడే కూర్చొని చింతగింజలు ఏరుతున్నాను.

ఆమె శామీర్‌పేటలో ఉందని ఒకరన్నారు, కౌకూర్‌లో కనబడిందని ఇంకొకరన్నారు. శామీర్‌పేట ఏమంత దూరం? బస్సు బోర్డు చదవడం కూడా ఇప్పుడు వచ్చు, ఒత్తులతో సహా. పోలేదు. పోయి ఏమంటాను అనుకునేదాన్ని. అది సాకు. ఆమె నవ్వడం మానేసిందేమో, అది చూడాల్సి వస్తుందని పోలేదు.

పోవాల్సిన చోటికి పోకుండా లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. ఏ కొత్త దయ్యాల నవల వచ్చినా ముందు నేనే తెచ్చుకుంటాను. ఎక్కడో ఒకచోట, ఎవడో ఒకడు, ఎడమ చేతి చిటికెన వేలు సగం లేని ఆడదాన్ని రాసి ఉండడా అని. రాసి ఉంటే నాది పూర్తి అబద్ధం కాదు కదా, కాస్త ముందుగా చదివానంతే అని చెప్పుకోవచ్చు. నవ్వొస్తుందా? నాకూ వస్తుంది. ఇంత ముదుసలి బుద్ధికి ఇంత పసి ఆశ. పాత కోటలు, అద్దంలో ముఖాలు, ఎండిన బావులు, తలుపులు వాటంతటవే కొట్టుకోవడం, ఎన్ని చదివానో. ఇంతమంది రాసేవాళ్లలో ఒక్కరికీ ఆ వేలు దొరకలేదు. మనుషులు ఊరికే కూర్చొని చింతపండు ఒలుస్తూ ఒక మనిషిని ఎట్లా తినేస్తారో కూడా దొరకలేదు. వీళ్లా భయపెట్టేది!

మొన్న తెచ్చిన కొత్తదాంట్లోనూ లేదు. చివరి పేజీ మూశాను. ఎవరూ రాయరు. రాయాల్సినదాన్ని నేనే.

యాదమ్మ ఇంకా ఉంది. ఇప్పటికీ అక్షరం రాదు, ఇప్పటికీ ఆ పుస్తకం మాటే చెబుతుంది. ఆ జ్వరం పిల్ల ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఇది అచ్చయి ఆ పిల్ల చేతికి వస్తే, నాయనమ్మను కూర్చోబెట్టి చదవాలి. ఒత్తులు మింగకుండా, సొంత మాట కలపకుండా, ఉన్నది ఉన్నట్టు. నిజంగా అచ్చులో ఉందా అని యాదమ్మ అడుగుతుంది. ఆమె వేలు పట్టుకొని ఈ కింది మాటల మీద పెట్టాలి.

ఎడమ చేతి చిటికెన వేలు సగం లేని బాలమణి ఎవరికీ ఏమీ చెయ్యలేదు.