మా వీధి ట్యాంకులో పచ్చ జీవి

మొన్న ఆదివారం మా చోడవరంలో మా వీధి వీధంతా పట్టుకున్న నీళ్లు కాలవపాలు చేసుకుంది. దానికి కారణం ఎవరనుకుంటన్నారు? ఇదిగో, మీ ముందు కూర్చుని టీ తాగుతన్న నేనే! నవ్వకండి, ముందు వినండి.

నాకో ఫ్రెండుంది, పద్మ. చీడికాడలో ఉంటాది. హైస్కూల్లో ఇద్దరం ఒకే బెంచీ. అప్పట్లో ఒక నవల కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. నలుగురు మనుషులు రాకెట్టెక్కి వేరే గ్రహానికెళ్లిపోతారు. ఆ రాకెట్టుకి కెప్టెన్ ఎవరు? ఆడమనిషి! తొమ్మిదో క్లాసు ఆడగుంటలకి ఇంకేం కావాలి? నేను కెప్టెన్ని, అది ఇంజినీరు. లెక్కల క్లాసులో కూర్చున్నా మేం తిరిగేది ఆ గ్రహం మీదే.

ఈమధ్య పద్మ కంటికి ఆపరేషనయ్యింది. "కొన్నాళ్లు పుస్తకం ముట్టుకోవద్దన్నారే, పిచ్చెక్కిపోతంది" అని ఫోన్లో ఒకటే గోల. సరిగ్గా అప్పుడే వైజాగ్‌లో పాత పుస్తకాల షాపులో ఆ నవల నా కంటబడింది. అట్ట చిరిగిపోయినా గుర్తుపట్టేను! "ఒసే, నేను చదివి వాయిస్ మెసేజ్‌లు పెడతాను. మీ కోడల్ని ప్లే చెయ్యమను. నువ్వు కళ్లు మూసుకుని విను" అని చెప్పేను.

ఇన్నేళ్ల తర్వాత చదువుతుంటే మొదట నవ్వాగలేదు. వేరే గ్రహానికెళ్లే రాకెట్టులో వైరున్న టెలిఫోనంట! కెప్టెనమ్మ రింగు తిప్పి మరీ "హలో" అంటాది. కానీ నాలుగు పేజీలు దాటేసరికి నవ్వు ఎటు పోయిందో, గుండె దడదడలాడిపోయింది. ఈ మోకాళ్ల నొప్పులూ, బీపీ బిళ్లలూ ఏవీ గుర్తు లేవు. అదే బెంచీ, అదే నేను!

ఇప్పుడు అసలు సంగతి. మా వీధి మొత్తానికి ఒకటే నీళ్ల ట్యాంకు. మోటారు వేసే సత్తిబాబు నాకు ఫోన్ చేస్తాడు. నేను వీధి వాట్సాప్ గ్రూపులో "నీళ్లొస్తన్నాయి, పట్టుకోండి" అని వాయిస్ పెడతాను. అంచేత నీళ్ల విషయంలో నా గొంతంటే గవర్నమెంటు ఆర్డరే!

ఆదివారం పొద్దున్న కూడా పెట్టేను. అందరూ పట్టుకున్నారు. అప్పుడు తీరిగ్గా నవల తీసేను. ఎంత మంచి ఘట్టమనుకున్నారు! రాకెట్టులో నీళ్ల ట్యాంకు ఉంటాది కదా, దాన్లో పచ్చటి జీవేదో పెరుగుతాది. కెప్టెన్ మైకులో అరుస్తాది. నేనూరుకుంటానా? గొంతు వణికించి మరీ చదివేను. "అందరూ వినండి! ట్యాంకులో ఏదో జీవి ఉంది! ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు! పట్టినవి వెంటనే పారబోసెయ్యండి!"

సెండ్ నొక్కేసి, ఫోను ఛార్జింగుకి పెట్టి, బట్టలారెయ్యడానికి మేడెక్కేను.

సగం ఆరేసేనో లేదో, కింద ఒకటే అరుపులు. ఎదురింటి రవణమ్మ బిందె కాలవలో వొంపేస్తంది. పక్కింటోళ్లు డ్రమ్మే దొర్లించేస్తన్నారు.

"ఏటయ్యింది రవణమ్మా?"

"నీళ్లలో ఏటో ఉంది వదినా! పారబోసెయ్, పారబోసెయ్!"

అంతే! మెట్లు ఎలా దిగేనో నాకే తెలీదు. బిందెలు, బకెట్లు, ఆఖరికి ఫిల్టర్లో నీళ్లు కూడా పారబోసేను. మా అత్తగారు ఖాళీ గ్లాసు పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డారు.

"నేను తాగేసేనే! ఇప్పుడు నాకేటవుద్ది?"

"ఏం కాదత్తా, కాసేపు పడుకోండి" అన్నాను. ఆవిడ మంచమెక్కి, చుట్టాలందర్నీ పేరు పేరునా తలుచుకుని శోకాలు మొదలెట్టేరు.

నేను బయటికి పరిగెత్తేను. "ఇంతకీ ఆ నీళ్లలో ఏదో ఉందని ఎవరు చూసేరు?"

రవణమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అదేటి వదినా, నువ్వే కదా సెప్పేవు!" అని ఫోన్ నొక్కింది.

నా గొంతే! వణుకుతో సహా! పద్మకి పెట్టాల్సింది వీధి గ్రూపులో పెట్టేసేను!

సిగ్గుపడ్డానికి కూడా టైము లేదు. వీధి చివర అప్పలనాయుడు అన్నయ్య కూతురు శిరీషకి ఆరోజే నిశ్చితార్థం. గోవాడ నుంచి పెళ్లికొడుకు వాళ్లు దార్లో ఉన్నారు. వంటంతా ఆ నీళ్లతోనే! నేను వెళ్లేసరికి ఇద్దరు మనుషులు సాంబారు గుండిగ ఎత్తేసేరు, పారబొయ్యడానికి.

"ఆగండి! అది నవల!" అని అరిచేను.

వంటాయన గుండిగలోకి తొంగి చూసేడు. "నవలా? అదేటి, పురుగా?"

"పురుగు కాదు బాబూ, పుస్తకం! కథ!"

అన్నయ్య తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "కథైతే అలా ఏడుపు గొంతుతో సెప్తావేటి సెల్లెమ్మా? ఇప్పుడీ సాంబారు వొడ్డించమంటావా, వొద్దంటావా? ఒక్కరికి కడుపులో గడబిడైనా సంబంధం పోతాది!"

గుమ్మంలో పట్టుచీరతో శిరీష. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"ముందు నేను తాగుతాను" అని గ్లాసు నిండా సాంబారు పోయించుకుని గటగటా తాగేసేను. నాలుక కాలిపోయింది! నేను పడిపోతానా లేదా అని అందరూ చుట్టూ చేరి చూస్తన్నారు. "ఎందుకైనా మంచిది, ఇంకో గ్లాసు పట్టించండి" అన్నాడు వంటాయన. అదీ తాగేను!

అప్పుడు శిరీష కిసుక్కున నవ్వింది. "అత్త ఇంకా పచ్చగా అవలేదు నాన్నా! వొడ్డించేద్దాం." అన్నయ్య కూడా నవ్వేసేడు. హమ్మయ్య!

వెంటనే సత్తిబాబుకి ఫోన్ చేసేను, మళ్లీ మోటారెయ్యమని. "జీవిని తీసేసేరా అమ్మా?" అన్నాడు. "తీసేసేం బాబూ, నువ్వెయ్యి!" ఇంకేం చెప్తాను? "అది కథ, నీళ్లు మంచివే" అని గ్రూపులో పెట్టి, మా అత్తగారికీ చెప్పి మంచం దింపేను.

భోజనాల దగ్గర సంగతి బయటపడనే పడింది. పెళ్లికొడుకు నాయనమ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడేటందో తెలుసా? "ఇంతకీ ఆ రాకెట్టోళ్లు నీళ్లు లేకుండా ఎలా బతికేరమ్మా?"

పంక్తి పంక్తంతా నాకేసి చూసింది. ఇంక మొదలెట్టేను! పెరుగన్నాలయిపోయినా ఒక్కరూ లేవలేదు. పద్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, "కంట్లో నీళ్లు రాకూడదన్నారే, నవ్వించకు" అని బతిమాలింది.

ఇప్పుడు కథకని వేరే గ్రూపు పెట్టేరు. మా వీధోళ్లు, పద్మ, గోవాడ వియ్యాలవారు కూడా ఉన్నారు. చదివేది నేనే. సెండ్ నొక్కేది మాత్రం మా అత్తగారు. కళ్లజోడు పెట్టుకుని, గ్రూపు పేరు పైకి చదివి, అప్పుడు గానీ నొక్కరు. నిన్న ఫోను నేను తీసుకోబోతే చెయ్యి మీద ఒక్కటేసేరు. "సదువు నీది, బటన్ నాది. రెండూ నీకిస్తే ఊరు ఖాళీ అయిపోతాది!"