మాడిన పనసగింజలు

నాతో చదువుకున్నదాని పురుటికి వాళ్ళమ్మ సింగపూర్ వచ్చిందని తెలిసిన రోజే నా కడుపు మండింది. కొత్త మంటేం కాదు, పాత కుంపటే మళ్ళీ రాజుకుంది.

అదీ నేనూ మన్యంలో ఒకే కొండపల్లె పిల్లలం. గిరిజన ఆడపిల్లల కోసం సిస్టర్లు నడిపే బోర్డింగ్ స్కూల్లో మమ్మల్ని ఒకే రోజు చేర్చారు. గేటు దాటగానే జుట్టు కత్తిరించారు, మెళ్ళో పూసలు తీయించారు, ఇంటి భాష మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబెట్టారు. అయినా ఆ చదువే మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. కంప్యూటర్ ముక్క వస్తే చాలు, విమానం ఎక్కించే రోజులవి. నేను ఇక్కడి ఆంగ్ మో కియో పేటలో ఒక ఆఫీసుకి వచ్చిపడ్డాను. అది నర్సుగా నాకన్నా ముందే వచ్చింది. దేంట్లోనైనా అదే ముందు.

స్కూల్లో చేరిన కొత్తల్లో మా అమ్మ చూడ్డానికొచ్చి వెళ్తుంటే, వెనకే గోడ దూకి పారిపోయాను. అడవి దారిలో పట్టుకొచ్చారు. ఇంకోసారి పారిపోతే చేర్చుకునేది లేదని మదర్ అమ్మతో తెగేసి చెప్పింది. ఆ తర్వాత అమ్మ రావడం మానేసింది.

నెలకో ఆదివారం, పూజ అయ్యాక తల్లులొచ్చే వేళకి, అది వరండాలో నీడ చూసి, పలక పెట్టి చోటు పట్టేసేది. ఇక్కడ తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పడేసి బల్ల చోప్ చేస్తారే, అచ్చం అలా. వాళ్ళమ్మ వచ్చి దాని తల ఒళ్ళో పెట్టుకుని పేలు చూసేది. నేను స్తంభం పక్కన నిలబడి చూసేదాన్ని. ఎంత కుళ్ళుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. పాపసంకీర్తనంలో ఫాదర్‌కి ఎప్పుడూ చెప్పుకున్నదీ ఆ పాపమే.

వెళ్ళేముందు ఆవిడ నాకూ ఒక అడ్డాకు పొట్లం ఇచ్చేది. దానికేమో దోరగా వేగిన పనసగింజలు, నాకేమో బొగ్గుల్లా మాడినవి. నాకు మాడినవంటేనే ప్రాణం, అది వేరే సంగతి. ఆవిడకి తెలియదుగా! మాడినవన్నీ నా మొహాన కొడుతోందని ఏడుస్తూ, ఒక్క గింజ మిగల్చకుండా తినేదాన్ని. మా అమ్మ నన్ను సిస్టర్లకి అప్పగించి చేతులు దులుపుకుందని నమ్మేశాను. పదో తరగతిలో ఉండగా అమ్మ జ్వరంతో పోయిందని కబురొస్తే, ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది.

జురాంగ్ వెస్ట్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళేసరికి, బాలింత వాళ్ళమ్మ చేత కాళ్ళకి నూనె రాయించుకుంటోంది. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆవిడ లేచి, లిటిల్ ఇండియాలో కొన్న పనసగింజలు పెనం మీద వేసింది. కూతురికి దోరవి తీసి, మిగిలినవి అలాగే వదిలేసింది. పొగ లేచింది.

"ఏం పిన్నీ, ఇక్కడ కూడా నాకు మాడినవేనా?" అనేశాను, ఇక ఆగలేక.

ఆవిడ తెల్లబోయింది. "అదేటే? నీకు మాడినవే ఇష్టమని మీయమ్మ సెప్పింది కదా. నీ పొట్లం అదే ఏపి, కట్టి తెచ్చీది."

"మా అమ్మా? ఎక్కడికి తెచ్చేది?"

"ఎక్కడికేటి, మీ ఇస్కూలు దాకా! పెతీసారి నాతోనే వచ్చీది. నువ్వు సూస్తే మళ్ళీ ఎనకాల పరిగెట్టొస్తావు, సదువు పోద్దని, రోడ్డవతల సింతసెట్టు సాటున నిలబడి సూసీది. నీకు సెప్పనని నా సేత ఒట్టేయించుకుంది. అది పోయాక సెప్దామంటే నాకు నోరు రానేదే గుంటా."

మాడినవి గిన్నెలో పోసి నా చేతిలో పెట్టింది. నల్లటి గింజ ఒకటి నోట్లో వేసుకున్నాను.

"తిరిగెళ్ళేటప్పుడు ఏం మాట్లాడేది పిన్నీ?"

"నీ గురించే. ఎంత పొడుగయ్యావో, జుట్టు పెరిగిందో నేదో. కొండెక్కిందాకా నీ మాటే."

నెలనెలా ఆ దారంతా మా అమ్మ పక్కన నడిచింది ఆవిడ. ఇన్నేళ్ళూ కూతుర్ని చూసి కుళ్ళుకున్నాను. ఆ రోజు నుంచి తల్లిని చూస్తే కుళ్ళు.