దివాన్‌ఖానాలో రంది ముచ్చట

మా ముత్తాత దేవరకొండ వైపు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, ఊరి రెవెన్యూ చూసే మాలీ పటేల్. శిస్తు వసూలుకు వచ్చిన తహసీల్దారు కూడా కోటలాంటి మా గడి ముందు గుర్రం దిగి నడిచి వచ్చేవాడని నాయనమ్మ చెప్పేది. మా బాపు నాటికి పదవులు పోయాయి, పిలుపు మాత్రం మిగిలింది. ఊళ్లో ఆయనను దొర అనే అనేవారు. నేను ఆయనకు ఒక్కతే బిడ్డను. గొప్ప కోసం ఇదంతా చెప్పడం లేదు. ఇది తెలియకపోతే ఆ గురువారం మా దివాన్‌ఖానాలో జరిగింది అర్థం కాదు.

తెలంగాణ వచ్చేనాటికి గడిలో నిలిచి ఉన్నది తాతలు కొలువుతీరిన ఆ దివాన్‌ఖానా ఒక్కటే. మిగతా గోడలు వానలకు కూలిపోయాయి. మేము నల్లగొండలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను జిల్లా ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. ముసలివాళ్ల మనోవ్యథ కోసం సర్కారు ఒక కార్యక్రమం పెట్టాలనుకుంది. ఊళ్లలో అది ఎట్లా నడవాలో రాయడం, కొన్నిచోట్ల నడిపి చూపించడం నాకు అప్పగించారు.

నాకు అది ఆఫీసు పని మాత్రమే కాదు. అమ్మ పోయాక బాపు మాట్లాడడం మానేస్తూ వచ్చాడు. పొద్దున పేపరు మడత విప్పకుండా ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. ఏమైంది బాపూ అని అడిగితే ఒకటే జవాబు.

"తబియత్ జర నాసాజ్‌గ ఉన్నది బిడ్డా."

ఒంట్లో కాస్త నలతగా ఉందని. బాధకు మా ఇంట్లో ఉన్న మాట అదే. రంది అనే మాట పొలం గట్ల మీద వినిపించేది, మా గడప లోపల ఎవరూ అనేవారు కాదు. తబియత్ అంటే ఒంటి సంగతే అనుకుని డాక్టర్లు కడుపుకు గోళీలు రాశారు. ఆయన వాటిని వేళ తప్పకుండా వేసుకున్నాడు. గుణం మాత్రం కనిపించలేదు. బాపు మళ్లీ నలుగురి మధ్య కూర్చోవాలి, నలుగురితో మాట్లాడాలి. నేను కోరుకున్నది అంతే.

మొదటి ఊళ్లో 'వయోవృద్ధుల మానసిక ఆరోగ్య శిబిరం' అని బ్యానరు కట్టాం. ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదని చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను.

"పిచ్చోళ్లకు సూదులేస్తరట గదమ్మా. నాకింక అంత ముదరలే," అన్నాడాయన. పక్కవాడు ఊరుకోలేదు. "ఏ, నీకు ముదిరి యాభై ఏండ్లాయె. పో, ఏయించుకో!"

బ్యానరు తీసేయించి 'రంది ముచ్చట' అని రాయించాను. "కుంగుబాటు ఉందా?" అన్న ప్రశ్న ఫారంలోంచి కొట్టేసి, "ఏం రంది పెట్టుకున్నవ్?" అని అడగమన్నాను. మా ఆఫీసరుకు ఆ మాట మోటుగా తోచింది. గది నిండాక ఆయనే ఊరుకున్నాడు. కోడలి మీద రంది, చచ్చిపోయిన ఎద్దు మీద రంది, కండ్లు మసకబారిన రంది. నెలకోసారి దవాఖాన నుంచి డాక్టరు వచ్చేవాడు, మందు అవసరమైనవాళ్లకు మందు ఇచ్చేవాడు. కార్యక్రమానికి మొదటి రూలు నేనే రాశాను: గదిలో చెప్పుకున్నది గడప దాటకూడదు. ఎవరితోనూ, చివరికి ఇంట్లోవాళ్లతో కూడా చెప్పకూడదు.

ప్రతి గురువారం నడపడానికి మా ఊరి వంతు వచ్చింది. పంచాయతీ ఆఫీసులో ఎప్పుడూ జనమే, బడిలో గది ఖాళీ లేదు. అన్నం తింటూ ఆ మాట అన్నాను. బాపు చేతిలో ముద్ద ఆగింది.

"మన దివాన్‌ఖానా లేదా?"

ఎన్నాళ్ల తర్వాతో ఆయన గొంతులో ఆ నిండుదనం విన్నాను. మర్నాడే బస్సెక్కి ఊరికి పోయాడు. గోడలకు సున్నం వేయించాడు. దూలాల మీది గబ్బిలాలను తోలించాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, "చాయ్‌ల అల్లం ఎయ్యమందామా? ముసలోళ్లకు మంచిది," అని అడిగాడు, తను ముసలివాడు కానట్టు. ఆ వారమంతా తబియత్ మాట ఎత్తలేదు.

గురువారం నేను వెళ్లేసరికి దివాన్‌ఖానా తెల్లగా మెరుస్తోంది. నేల నిండా జంపఖానా పరిపించాడు. ఎదురుగా తనకోసం ఒక కుర్చీ వేయించుకున్నాడు. మా తాత కాలంలో ఊరివాళ్లు ఆ గదిలో నిలబడేవారే తప్ప కూర్చునేవారు కాదు. వాళ్లకు జంపఖానా పరవడం బాపు దృష్టిలో చాలా పెద్ద మర్యాద. ఇస్త్రీ చేసిన లాల్చీ వేసుకుని, చేతికర్ర పక్కన ఆనించి, దర్వాజ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. చాయ్ రెండుసార్లు వేడి చేయించాడు.

ఎండ దిగుతుండగా ఒక అవ్వ వచ్చింది. ఒకప్పుడు మా పొలంలో నాట్లు వేసిన మనిషి, బాపు ఈడుదే. గడప అవతలే ఆగి, లోపలికి తొంగి చూసింది.

"సున్నమేయించినవ్ దొరా. మంచిగుంది. పెండ్లెవలిది?"

బాపు నవ్వాడు. "లోపటికి రా. చాయ్ తాగు."

"ఈడ మంచిగనే ఉన్న తియ్యి."

"రంది ముచ్చటకు గాదా నువ్వొచ్చింది? కూసోని చెప్పు మరి."

"రంది లేక కాదు దొరా. బొచ్చెడంత ఉన్నది. కని ఈడ చెప్పుకోను." ఆమె గొంతులో కోపం లేదు. "మా అత్త గీ గడప కాడ్నే నిలబడి ఏడ్చింది. నేను లోపట కూసోని ఏడుస్తనా?"

తర్వాత నా వైపు తిరిగింది. "చిన్న దొరసానీ, నువ్వు సర్కారు పని మీద వచ్చినవ్, నీ మాట ఇంటం. జాగా మార్చు. అందరొస్తరు."

ఆమె అత్త ఎందుకు ఏడ్చిందో నాకు తెలియదు. మా తాత తప్పు చేశాడని ఇక్కడ ఒప్పుకోవడం లేదు, చేయలేదని వాదించడమూ లేదు. అవ్వ వెళ్లిపోయింది. బాపు కుర్చీలోంచి లేచాడు. తర్వాత పనివాడిని పిలిచి జంపఖానా మడత పెట్టమన్నాడు.

జాగా మార్చాను. మహిళా సంఘం బిల్డింగ్‌లో పెట్టిన మొదటి గురువారమే గది నిండింది, అవ్వ ముందు వరుసలో కూర్చుంది. నువ్వూ రా బాపూ అని బతిమాలాను.

"మనం ఇంకొకళ్ల జాగల పోయి కూసుంటమా బిడ్డా?" అన్నాడు. నన్ను పెంచింది ఆ మాటే.

కానీ గురువారం సాయంత్రం నేను చెప్పులు విడవకముందే అడిగేవాడు. "ఎంతమంది వచ్చిన్రు? ఏం ముచ్చట పెట్టిన్రు?" పాటలు పాడారనీ, చాయ్ తాగారనీ చెప్పేదాన్ని. మిగతాది చెప్పడానికి లేదు, రూలు రాసింది నేనే. ఆయన ఇంకా ఏదో వినాలన్నట్టు కాసేపు చూసి, పేపరు చేతిలోకి తీసుకునేవాడు.

ఒకరోజు పేపరు వైపే చూస్తూ అడిగాడు.

"నా ముచ్చట ఎవలన్న తీస్తరా?"

ఎవరూ తీయలేదు. ఇన్ని వారాలలో ఒక్కసారి కూడా. మా ఇంట్లో అబద్ధం ఆడే అలవాటు లేదు. అందుకని, "ఆడ అనుకున్నది బయట చెప్పొద్దు బాపూ, రూలు," అన్నాను.

"అవును. రూలంటే రూలే," అన్నాడు. పేపరు ఒళ్లో పెట్టుకుని, "తబియత్ జర నాసాజ్‌గ ఉన్నది," అన్నాడు. ఆ తర్వాత గురువారాలు అడగలేదు.

ఎండలు ముదరకముందే పోయాడు. ఊరికి తీసుకుపోయి దివాన్‌ఖానాలో పడుకోబెట్టాం. జనం బయటే నిలబడ్డారు. అవ్వ ఒక్కతే గడప దాటి లోపలికి వచ్చి, బాపు కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఏడ్చింది.

"రంది ఉంటే రావద్దా దొరా," అంది. "నా పక్కన జాగ ఇస్తుంటి గద."

కార్యక్రమం ఇప్పుడు చాలా ఊళ్లలో నడుస్తోంది. ఎవరి సొంత జాగాలోనూ పెట్టకూడదని తర్వాత రెండో రూలు రాశాను. నా తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మార్చలేదు.

ఆ ఏడు దివాన్‌ఖానా దర్వాజ గడపతో సహా, టేకు దూలాలు, బాపు కూర్చున్న కుర్చీ అమ్మేశాను.